మెడదాకా ఇసుక

సెలవులు కదా, మా ఆరేళ్ల పాప ముచ్చట పడిందని బీచ్‌లో గోతిలో కూర్చుని మెడదాకా ఇసుక కప్పించుకున్నాను. తడి ఇసుక బిగుసుకుపోయింది. చేతులు పైకి రావడం లేదు. అరుద్దామంటే గుండెల మీద బరువుకి ఊపిరాడటం లేదు. అలలేమో అంతకంతకూ ముందుకొస్తున్నాయి.

“అమ్మలూ, పరుగెత్తు. అదిగో, ఆ ఎర్రచొక్కా గార్డుని పిలుచుకురా.”

పాప కదల్లేదు. “తెలియనివాళ్లతో మాట్లాడకూడదుగా. నిన్ను వదిలి అడుగు కూడా వెయ్యకూడదుగా.”

పొద్దున నేను వల్లెవేయించిన జాగ్రత్తలే అవి. వంటబట్టాయో లేదో చూద్దామని అప్పుడే, “ఆ అంకుల్ని టైమెంతో అడిగిరా” అన్నాను. పిచ్చిపిల్ల, నమ్మి బయల్దేరింది. రెక్క పట్టుకుని వెనక్కి లాగాను. “నేను పంపినా సరే, వెళ్లకూడదు!” అని ఏడ్చేదాకా తిట్టాను.

గడ్డానికి చల్లగా నీళ్లు తగిలాయి.

“అవన్నీ మర్చిపో తల్లీ. ఈసారి నిజంగానే చెప్తున్నా, వెళ్లు!”

పాప నా కళ్లలోకి చూసి కిలకిలా నవ్వింది.

“పొద్దున కూడా ఇలాగే చెప్పావు. ఇంక నేను మోసపోనుగా!”

నా ఎదురుగా చేతులు కట్టుకుని, బుద్ధిగా కూర్చుంది.