మూలమలుపు కెమెరా

మూలమలుపు రాకముందే జీపు ఆపి భూమన్న కిందికి దిగాడు. రోడ్డు పక్కనున్న స్తంభం మొదట్లో కొబ్బరికాయ కొట్టాడు.

జీపులోని జనం ఘొల్లున నవ్వారు.

"గీడ గుడి లేదు, దేవుడు లేడు. ఎవలకు మొక్కుతున్నవ్ భూమన్నా?" అంది ముందు సీట్లోని సక్కుబాయి.

"కెమెరాకు అక్కా! జర కండ్లు మూస్కొమ్మని."

బోథ్ నుంచి ఆదిలాబాద్ పోయే దారిలో, ఆ స్తంభానికి ఒక నల్లపెట్టె బిగించి ఉంది. దానికి ముందు ఒక గాజుకన్ను.

జోరుగా పోతే అది ఫొటో తీస్తుందని, పోలీసుల చలానా ఇంటికే వస్తుందని బండ్లవాళ్లు చెప్పుకునేవారు.

లారీవాళ్లు నంబరు మీద పేడ పూసుకునేవారు. మోటారు సైకిలు మీద బడికి పోయే ఓ పంతులు మాత్రం అక్కడ ఆగి తల దువ్వుకునేవాడు.

"ఎట్లయినా తీస్తది. మంచిగనన్న రావాలె గద!"

ఎంత తిట్టుకున్నా, మలుపు రాగానే అందరూ నత్తలే.

పెట్టె కింద ఒక ముసలాయన కూర్చునేవాడు. పొద్దున బస్సు దిగేవాడు, కండువాతో గాజుకన్ను తుడిచేవాడు, సాయంత్రం బస్సెక్కేవాడు. పోలీసులు పెట్టిన కాపలావాడే అనుకున్నారు అందరూ.

"దుమ్ము పట్టనియ్యరాదే తాతా? నీ సొమ్మేం పోతది?" అన్నాడు భూమన్న.

"దుమ్ము పడితే నీ మీసాలు కనబడయి బిడ్డా."

"నవ్వకు తాతా. ఒక్క చలానా వచ్చినా తాళంచేతులు గుంజుకుంటనన్నడు మా జీపు ఓనరు కిషన్‌రావు పటేలు. నౌకరి పోతే మా పొయ్యిల పిల్లి లేవది."

"మెల్లగ పో. నీ ఫొటో రాకుంట నేను చూస్కుంట."

"కల్లు తెస్త. లోపల రీలు తీసేస్తవా?"

"కల్లు నాకు పడది. మెల్లగ పోతే నీకు నేనే చాయ్ తాగిపిస్త."

తాగించాడు కూడా.

ఒక అంగడి రోజు జీపు నిండా జనం. నాందేడు బస్సు అందాలని ఒకటే తొందర.

మలుపు దగ్గర ముసలాయన కనిపించలేదు.

"తాత లేడు. కెమెరా గూడ పండుకున్నట్టే!" అని భూమన్న జోరు పెంచాడు.

మలుపులో పత్తిబండి ఎదురొచ్చింది. జీపు ఎడ్ల కొమ్ములను రాసుకున్నంత పని చేసి, గడ్డిలోకి దిగి ఆగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. సక్కుబాయి మాత్రం భూమన్న వంశాన్నంతా తిట్టింది.

ఆ తిట్లేవీ భూమన్నకు వినబడలేదు. గాజుకన్ను తనవైపే చూస్తోంది. ఫొటో పడ్డట్టే!

సాయంత్రం పోలీస్ ఠాణాకు పోయి హెడ్డు మల్లన్న ముందు చేతులు కట్టుకున్నాడు.

"సారూ, ఇయ్యాల్టి ఫొటో చింపేయుండ్రి. నౌకరి పోతది."

"ఏం ఫొటోరా?"

"మలుపు కాడ మీ కెమెరా తీసింది సారూ."

మల్లన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "మా జీపుకు డీజిలుకే దిక్కులేదు, మాకు కెమెరా ఎక్కడిదిరా? గది ఉత్త డబ్బా. గా ముసలాయనే తన పాత కెమెరా తెచ్చి కట్టిండు. చూసీచూడనట్టు ఊకున్నం."

భూమన్నకు ప్రాణం లేచొచ్చింది.

"వారీ ముసలోడా! కొబ్బరికాయలు గూడ కొట్టిపిచ్చిండు గదా! ఏడుంటడు సారూ? ఈపారి చాయ్ నేను తాగిపిస్త."

మల్లన్న నవ్వు ఆగిపోయింది.

"జరమొచ్చి మొన్ననే పోయిండురా."

భూమన్న తలగుడ్డ విప్పి చేతిలోకి తీసుకున్నాడు.

"ఎవలు సారూ ఆయన?"

"ఆదిలాబాద్‌ల ఫొటో స్టూడియో దశరథం. గా మలుపు కాడ ఎవలు సచ్చినా పీనుగ ఫొటో తీయనీకి మేం పిలిచేది ఆయన్నే; గా డబ్బా కట్టినప్పటి సంది పిలిచే పనే పడలే."