బోణీ వేళ వచ్చినవాడు

దుర్గ ఫోనులో పెట్టిన ఎండు రొయ్యల ఫొటోకి మూడో రోజున మొదటి బేరం తగిలింది.

భువనేశ్వర్‌లో హోటల్ ఉందన్నాడు కొనేవాడు. ఇరవై కిలోలూ తనకే కావాలన్నాడు. సరుకు తీసుకోవడానికి మనిషిని పంపుతానని ఊరి పేరు, ఇంటి గుర్తులు అడిగి రాసుకున్నాడు. పొద్దున్న తొమ్మిదికి డబ్బు వేస్తానన్నాడు.

గంజాం తీరంలోని ఆ చేపల పల్లెలో అంతకు ముందు ఎవరూ ఫోనులో సరుకు అమ్మలేదు.

మర్నాడు దుర్గ తల్లి సీతాలు తెల్లవారకముందే స్నానం చేసి రొయ్యల గంపకి పసుపు రాసింది.

"బోణీ బేరం. ఆడేటి అడిగినా కాదనకు. డబ్బు పడేదాకా ఇంకెవులి మాటా ఇనకు," అంది.

రంభ సంతలో ముప్పై ఏళ్ళుగా ఆమె పద్ధతి అదే. బోణీ చేసేవాడికి ఎదురు చెబితే ఆ రోజు గంప నిండుగానే ఇంటికి తిరిగొస్తుందని ఆమె నమ్మకం.

సరిగ్గా తొమ్మిదికి ఫోను మోగింది. దుర్గ అందరికీ వినబడేలా పెట్టింది.

"ఒక కోడు పంపినానమ్మా. అది స్కాన్ సేసి మీ పిన్ను నొక్కండి. డబ్బు మీ ఖాతాలో పడిపోద్ది."

ఆ ఖాతా సీతాలుది. అందులో ఉన్నది వానాకాలం తిండి. పడవలు సముద్రం మీదికి వెళ్ళని నెలల్లో తల్లీకూతుళ్ళు తినాల్సింది అదే.

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

అరవై దాటిన మనిషి. చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నిలబడి ఆయాసపడుతున్నాడు.

"అమ్మా, ఆ పిన్ను నొక్కకండి."

సీతాలు మొహం ముడుచుకుంది. "ఎవులు నువ్వు?"

"దిగపహండి నుంచి మొదటి బస్సుకొచ్చినాను. డబ్బు రాడానికి పిన్ను అక్కర్నేదు తల్లీ. పోడానికే పిన్ను."

దుర్గ వేలు ఆగింది.



"ఎవరమ్మా అక్కడ, ముసిలోడా?" అంది ఫోనులోని గొంతు. "ఆణ్ణి నమ్మకండి. ఊరూరా తిరిగి బేరాలు సెడగొట్టే దొంగ. రెండు తగిలిచ్చి తోలీండి."

ముసలాయన తల దించుకున్నాడు.

"మా ఇల్లు నీకెవులు సెప్పినారు?" అడిగింది సీతాలు.

ఆయన దుర్గ చేతిలోని ఫోనుకేసి చూశాడు.

"పోనీ, మా బేరం సంగతి నీకెలా తెలిసింది?"

"అది సెప్పనేను తల్లీ."

సీతాలు తమ్ముడు గంగన్న వల అల్లుతున్నవాడల్లా లేచి వచ్చాడు. "సెప్పనేవా? ఏ షావుకారు పంపినాడేటి నిన్ను? మా పిల్ల బాగుపడితే కళ్ళు మండుతున్నాయేటి?"

"బాబూ, నన్ను కొడితే కొట్టండి. ఆ పిల్లనాపండి."

"నోరు తెరిసి అడిగినాడు, నేదనకూడదు," అని గంగన్న మూతి మీద కొట్టాడు.

రొయ్యలు కడిగిన నీళ్ళు కుండలో ఉన్నాయి. సీతాలు ఆ కుండ ఎత్తి ఆయన నెత్తిన కుమ్మరించింది.

"బోణీ వేళ వొద్దంటావా, సచ్చినోడా."

పక్కింటి జగ్గమ్మ పకపకా నవ్వింది. "బాగా అత్తరు రాసినావు, సీతాలూ. ఇంక బస్సులో సీటంతా ఈడిదే."

చూడవచ్చినవాళ్ళందరూ నవ్వారు. దుర్గ ఆయన్ని ఫొటో తీసి, కింద 'బేరాలు చెడగొట్టే దొంగ' అని రాసి ఊరి గ్రూపులో పెట్టింది.

గంగన్న ఆయన్ని వీధిలోకి గెంటేశాక దుర్గ పిన్ను నొక్కింది.

ఖాతాలోంచి సగం డబ్బు పోయినట్టు కబురు వచ్చింది.

"తప్పు నొక్కినట్టున్నారమ్మా. ఇంకోసారి నొక్కండి, రెండూ కలిసి ఎనక్కొస్తాయి," అన్నాడు ఫోనులోని మనిషి.

దుర్గ తల్లి వైపు చూసింది.

"బోణీ, కాదనకు," అంది సీతాలు.

దుర్గ మళ్ళీ నొక్కింది. మిగతా సగమూ పోయింది. ఆ తరవాత ఆ ఫోను ఎవరూ ఎత్తలేదు.

బ్యాంకువాళ్ళు పోలీసుల దగ్గరికి పొమ్మన్నారు. సాయంత్రానికి తల్లీకూతుళ్ళు బరంపురంలో స్టేషన్ బల్ల ముందు నిలబడ్డారు.

పోలీసు అమ్మాయి ఆ ఫోను చేసినవాడి నంబరు చూసి తల ఎత్తింది.

"దీని మీద మధ్యాహ్నమే ఫిర్యాదు వచ్చింది. వాడి పేరు, ఇల్లు, అన్నీ రాయించారు. మావాళ్ళు వెళ్ళేసరికి వాడు లేడు," అంది ఒడియాలో.

"మా డబ్బు?" అడిగింది దుర్గ.

"ఈపాటికి తీసేసుకుని ఉంటాడు. ఆశ పెట్టుకోకండి."

సీతాలు గోడకి ఆనుకుంది. "ఎవులమ్మా ఆ ఫిర్యాదిచ్చింది?"

పోలీసు అమ్మాయి తన ఫోను తిప్పి చూపించింది. దుర్గ తీసిన ఫొటో. కింద దుర్గ రాసిన మాట.

"ఈయనే. పొద్దున్నుంచి ఇది ఊళ్ళన్నీ తిరిగి మాదాకా వచ్చింది. ఎవరు పెట్టారో గానీ, ఇక ఆపలేం. పెదవి చిట్లి ఉంది, ఎవరు కొట్టారంటే పడ్డానన్నాడు. కంపు భరించలేక బయట ఎండలో కూర్చోబెట్టాం."

దుర్గ తన ఫోను చున్నీ కింద దాచుకుంది.

"ఇప్పుడెక్కడున్నాడమ్మా?"

"తెలీదు. ఇంటికి మాత్రం వెళ్ళలేనన్నాడు."

పోలీసు అమ్మాయి మధ్యాహ్నం వచ్చిన ఆ ఫిర్యాదు కాగితం ముందు పెట్టి, అలాగే నింపమంది.

దుర్గ చదువుకున్నది ఒడియా బడిలోనే. కూడబలుక్కోకుండానే చదవగలిగింది.

ఫిర్యాదు చేసినది సూరయ్య, మోసం చేసినది ధనరాజు, ఇద్దరికీ ఉన్న సంబంధం ఏమిటన్న గడిలో ఒక్కటే మాట: తండ్రి.