దుప్పి కొడుకు పరుగు

అడవి కాపలా కొలువుకు పరుగులో నెగ్గినవాళ్లనే తీసుకుంటారు. ఆరు నెలలు సాధన చేసిన కొడుకుని ఒక దుప్పి ఒక చలి ఉదయాన ఆ పరుగుకు తీసుకొచ్చింది. వాడు అందరితో పాటు గెంతుతూ కాళ్లు సాగదీస్తున్నాడు.

"ఇప్పుడే అలిసిపోతావురా నాయనా. కూర్చో, సత్తువ దాచుకో," అంది తల్లి.

"వాడి కాళ్లు వేడెక్కనివ్వమ్మా," అన్నాడు పరుగు నేర్పిన కొంగ.

"ఒంటికాలి మీద నిలబడేవాడివి, నువ్వా నాకు చెప్పేది?"

కొడుకు తల్లి మాటే విన్నాడు. తడిగడ్డిలో కదలకుండా కూర్చున్నాడు.

పరుగు మొదలైంది. పదో గెంతుకే తొడ కండ చిరిగి కూలబడ్డాడు.

"అమ్మా, మళ్లీ పరుగు ఎప్పుడు పెడతారు?"

కొమ్ములు మొలిచినవాళ్లను ఆ పరుగుకు రానివ్వరు. తల్లి వాడి నుదురు నాకింది. చర్మం కింద రెండు బుడిపెలు నాలుకకు తగిలాయి.

"వచ్చే ఏడు పెడతారులే నాన్నా," అంది.