పావు చుట్టు అలవాటు

"బ్రేకులు చూడమని ఇస్తే స్టీరింగు పీకి పారేస్తావా?" నాచారం షెడ్డులో అడుగు పెడుతూనే బుచ్చిబాబు గొంతు చించుకున్నాడు.

ముప్పై ఏళ్ళుగా ఆయన నడుపుతున్న మెటాడోర్ వ్యాను తాలూకు పాత స్టీరింగు బాక్సు నేల మీద నూనె కారుస్తూ పడి ఉంది. మెకానిక్ కొమురెల్లి తాపీగా చేతులు తుడుచుకున్నాడు.

"అమ్మనే ఫోన్ జేసి చెప్పింది సార్. కొత్త ర్యాక్ అండ్ పీనియన్ స్టీరింగు బిగించిన. ఇగ ఒక్క వేలుతోని తిప్పొచ్చు, సూడు."

అమ్మ అంటే బుచ్చిబాబు భార్య ఛాయాదేవి. వెనకే ఆటో దిగి వచ్చిన ఆవిడ హ్యాండ్‌బ్యాగు చంకలో బిగించి, ఏమీ ఎరగనట్టు వ్యాను టైర్లు చూస్తోంది.

"నా చేతుల్లో సత్తువ లేదనేగా నీ ఉద్దేశం?"

"నేనెప్పుడన్నానండీ?"

"అనడమెందుకు, చేసి చూపించావుగా! రేపు ఎవణ్ణో డ్రైవరుగా పెడతానంటావు."

ఛాయాదేవి కాదనలేదు. "ముందు ఇంటిదాకా నడపండి, తర్వాత చూద్దాం" అంది.

ఆ మాటతో బుచ్చిబాబుకి పౌరుషం పొడుచుకొచ్చింది. పీర్జాదిగూడ, మేడిపల్లి కొట్లన్నిటికీ తెల్లారేసరికి ఇడ్లీ పిండి చేర్చేది ఆయనే. పిండి రుబ్బడం, లెక్కలు, బేరాలు అన్నీ ఆవిడవి. ఆయనకంటూ ఉన్నది ఆ డ్రైవరు సీటొక్కటే. అది కూడా పోతే తనెందుకు? ఈ పూట వంక పెట్టనివ్వకుండా వ్యాను ఇల్లు చేర్చాలి, అంతే.

కొమురెల్లి ముందు టైర్ల దగ్గర రెండు నిమ్మకాయలు పెట్టాడు. "పాతదానికి మస్తు ప్లే ఉండె సార్, ఉత్తగనే తిరుగుతుండె. దీనికి అస్సలుండది. జర ఆహిస్తా, మెల్లగ తిప్పు."

"నాకు నేర్పుతున్నావా?" అని బుచ్చిబాబు గేరు వేశాడు. ఎడమ నిమ్మకాయ చితికింది. కుడిది బతికిపోయింది.

తప్పు చేతులది కాదు, అలవాటుది. పాత స్టీరింగు పావు చుట్టు తిప్పితే గానీ చక్రాలకి కబురు అందేది కాదు. అందుకని ఆయన తిన్నగా ఉన్న రోడ్డు మీద కూడా అటో పావు, ఇటో పావు తిప్పుతూనే ఉంటాడు. కొత్త స్టీరింగేమో వేలు కదిపితే చాలు, చక్రాలు తిప్పేస్తోంది. వ్యాను ఉప్పల్ రోడ్డంతా నాదే అన్నట్టు ఈ చివర నుంచి ఆ చివరకి ఊగుతోంది. ఆయన కంగారుగా సరిచేసిన కొద్దీ ఇంకా ఊగింది. ఒక ఆటోవాడు తల బయటపెట్టి, "మామా, రోడ్డు కొన్నవా ఏంది?" అని అరిచాడు. ఛాయాదేవి సీటు అంచు గట్టిగా పట్టుకుంది.

ఉప్పల్ చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"పట్టపగలు గింత తాగినవేంది పెద్దమనిషీ?"

"నేనా? కాఫీ తప్ప ఇంకోటి ముట్టి ఎరగను!"

"అందరు గట్లనే అంటరు. గీ మిషన్ల ఊదు."

ఊదాడు. సున్నా. కానిస్టేబుల్ మిషన్ విదిలించి మళ్ళీ ఊదించాడు. మళ్ళీ సున్నా.

"తాగకుండనే గిట్ల నడిపినవా? గదింకా డేంజర్! బండి పక్కకు పెట్టు. ఇంకో డ్రైవర్ వస్తెనే ఇడుస్త."

బుచ్చిబాబుకి తల కొట్టేసినట్టయింది. స్టీరింగు మీద ఉన్న తన రెండు చేతుల్నీ చూసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్పై ఏళ్ళలో ఎవరూ అనని మాట, అదీ భార్య ముందు.

"నీ మాటే నెగ్గింది. పిలువు, ఎవణ్ణి పెడతావో ఆ డ్రైవర్ని పిలువు" అన్నాడు ఆవిడ వైపు చూడకుండానే.

ఛాయాదేవి వ్యాను దిగింది. చుట్టూ తిరిగి వచ్చి, హ్యాండ్‌బ్యాగులోంచి ఒక కార్డు తీసి కానిస్టేబుల్‌కి ఇచ్చింది. అతను దాని మీది ఫొటోనీ ఆవిడ మొహాన్నీ మార్చి మార్చి చూసి, "లైసెన్సు కరెక్టే" అని తిరిగి ఇచ్చేశాడు.

ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, డ్రైవరు వైపు తలుపు తీసింది.

"కాస్త అటు జరగండి. స్టీరింగు తేలిక చేయించింది మీ చేతుల కోసమనుకున్నారా?"