ఫకీర్ సాహెబ్ పూసిన రంగు

“ఇంత పెచ్చుకే ఇంత గోలేందని నవ్వొద్దు మామా. దోవలో రాయెగిరి తలుపుకు తగిలింది. రేపు మా పెద్దోని పెండ్లి మెరవణి ఈ కార్లోనే. పులివెందులంతా చూస్తాది. నల్లకారు మీద అతుకు కనపడిందంటే నా పరువు పోతాది,” అన్నాడు ఆదినారాయణ రెడ్డి.

“కనపడదులేప్పా. సాయంత్రం రా,” అన్నాడు ఫకీర్ సాహెబ్.

మాటైతే ఇచ్చాడు గానీ అదెట్లా నిలబెట్టుకోవాలో ఆయనకే తెలియదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఆ కొత్తలో జమ్మలమడుగు మొత్తానికి కార్లకు రంగు వేసేది ఆయనొక్కడే. రెండేళ్లుగా కళ్లకు పొరలు కమ్మాయి. ఆకారాలు తెలుస్తాయి, రంగులు మాత్రం అన్నీ బూడిదే. ఆ సంగతి భార్య జైబున్నీసాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె డబ్బా అందిస్తుంది, ఆయన పూస్తాడు. గుట్టు బయటపడితే కారు సరే, ఎద్దులబండిని కూడా తన చేతికి ఇవ్వరని ఆయన భయం. తీరా ఈ రోజు చూస్తే ఆమె చెల్లెలి కాన్పని ముద్దనూరు పోయింది. ఊరికే పోయిందా, పండగ దగ్గర పడిందని ఇంటికి సున్నం కొట్టి, గూళ్లన్నీ సర్దిపెట్టి మరీ పోయింది.

పైగా వచ్చినవాడు ఆదినారాయణ. గోరంత తప్పు దొరికితే కొండంత చేసే మనిషి. ప్రొద్దుటూరులో పని నచ్చలేదని ఒక రంగులాయన్ని నడిబజారులో నిలబెట్టి కడిగేశాడని చెప్పుకుంటారు.

ఫకీర్ సాహెబ్ కారు తలుపు మీది పెచ్చు అంచులు గీకాడు. లప్పం పట్టించి గుంట పూడ్చి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, వేలికొసతో తడిమాడు. అంచు తగిలింది. మళ్లీ రుద్దాడు. గూట్లో ఎడమ చివరి డబ్బా నలుపు, అది నలభై ఏళ్ల అలవాటు. బిస్మిల్లా అనుకుని కుంచె ముంచాడు.

సాయంత్రం ఆదినారాయణ వచ్చి తలుపు ముందు నిలబడ్డాడు. ముక్కు ఆనేంత దగ్గరికి వంగి, అరచేత్తో తలుపంతా తడిమాడు. ముసలాయన ఉండబట్టలేక అడిగాడు.

“ఏందప్పా, అట్ల తడుముతావేంది? ఏమన్నా తేడా ఉందా?”

“యాడ పూసినావో ఎతుకుతాండా మామా.”

“దొరికిందా?”

“యాడ దొరికేది! చెయ్యి పెట్టి చూసినా తెలీలా. శానా బాగా చేసినావు. ఇంక ఈ కారు మీద ఇంకోని చెయ్యి పడనియ్యను.”

ఫకీర్ సాహెబ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తన పని ఇంకా అయిపోలేదు, అల్లా చల్లగా చూశాడు. ఆ సంతోషం పట్టలేక కారు వెనకే వీధి మలుపు దాకా నడిచి, చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. ఆదినారాయణ కూడా కిటికీలోంచి చెయ్యి ఊపి, నెమ్మదిగా పులివెందుల దారి పట్టాడు.

నల్లటి ఆ తలుపు మీద అరచేతంత చిలకపచ్చ మచ్చ ఎండకు తళతళలాడుతోంది.