మురిగిన గుడ్లు

"అమ్మా, పొదుగు కోడి ఉందా?"

దడి అవతల నిలబడి అడిగిన మనిషిని వసుమతి ఎగాదిగా చూసింది. మోకాళ్ల దాకా బురద, చేతిలో పొడుగాటి వెదురుకర్ర. అతని వెనక, వెంగల్ కాలవ పక్కన కోసేసిన మళ్లలో, నాలుగైదు వందల బాతులు ఊరంతా వినబడేలా గోల చేస్తున్నాయి.

"ఉంటే?"

"పన్నెండు బాతుగుడ్లు ఇస్తానమ్మా. మా బాతులు గుడ్డు పెట్టేసి నడిచిపోతాయే గాని, కూర్చోని పొదగవు. కోడే దిక్కు. పుట్టిన పిల్లల్లో సగం నీకు, సగం నాకు."

ఆ యేడు కొక్కెర తెగులు వచ్చి వసుమతి పెరట్లో పద్దెనిమిది కోళ్లు పోయాయి. మిగిలింది ఒక్క ఎర్రకోడి. అదేమో గుడ్లు లేకపోయినా ఉత్త గంపలో కూర్చుని వారం రోజులుగా లేవనంటోంది. మళ్లీ పెరడు నిండితే చాలునని వసుమతి మొక్కని దేవుడు లేడు. సరేనంది.

అతని పేరు పచ్చయ్యప్ప. ఒక్కో గుడ్డునీ ఎండకు పట్టి చూసి, మంచివి ఏరి, తనే గంపలో గడ్డి సర్ది పేర్చాడు.

"ఇరవై ఎనిమిది దినాలమ్మా. ఇరవై ఒకటో దినం కోడి లేచిపోతానంటుంది. దానికి తెలిసిన లెక్క అంతే కదా. గంప కాడనే నూకలేసి, బుజ్జగించి కూర్చోబెట్టు."

వసుమతి అలాగే బుజ్జగించింది. ఇరవై ఎనిమిదో రోజున పది పిల్లలు బయటికొచ్చాయి. పచ్చపచ్చగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇల్లంతా తిరిగే వాటిని చూసి ఆమె కడుపు నిండిపోయింది. రెండు రోజులు పోయాక గాని, అందులో అయిదు తనవి కావని గుర్తుకు రాలేదు.

"ఊరూరా తిరిగేటోడు, వస్తాడో రాడో," అంది అత్త వరదమ్మ. "వచ్చినా, అన్ని వందల బాతులుండేటోడికి ఈ అయిదూ ఒక లెక్కా?"

ఆ మాట వసుమతికి తియ్యగా వినబడింది.

మూడో రోజు పొద్దున దడి దగ్గర వెదురుకర్ర కనబడింది. కాలవ వైపు ఈసారి గోల లేదు. మందను ఎవరికో అప్పగించి వచ్చుంటాడులే అనుకుంది. గబగబా పిల్లల్ని వడ్ల గదిలోకి తోసి తలుపు మూసింది.

"ఏమైనాయమ్మా గుడ్లు?"

"ఏం చెప్పేదన్నా. అన్నీ మురిగిపోయినాయి. ఒకటన్నా పిల్ల కాలేదు."

అబద్ధం ఇంత సులువుగా నోట్లోంచి వస్తుందని ఆమెకే తెలియదు. కంచే చేను మేసింది.

ఈలోగా ఎర్రకోడి వడ్ల గది తలుపు ముందు చేరింది. రెక్కలు దించుకుని, కొక్కొక్కుమని పిలుస్తూ, గడపను ముక్కుతో పొడవసాగింది. పిల్లలు లేని కోడి అలా పిలవదు. ఆ సంగతి కోళ్లు పెంచే ఇంట్లో పసిబిడ్డకు కూడా తెలుసు.

పచ్చయ్యప్ప కోడిని చూశాడు. తలుపును చూశాడు. వసుమతిని మాత్రం చూడలేదు.

"కొంచెం నీళ్లియ్యమ్మా."

చెంబెడు నీళ్లూ ఎత్తి తాగి, చెంబును అరుగు మీద పెట్టాడు.

"ఎప్పుడన్నా, ఎవరింట్లోనన్నా, కోడి కింద బాతుపిల్లలు పుడితే పది దినాలు నీళ్లలోకి ఇడవద్దని చెప్పమ్మా. తల్లిబాతు ఒంటి జిడ్డు అంటితేనే పిల్ల తేలేది. కోడి కింద పుట్టిందానికి ఆ జిడ్డు ఉండదు. తడిసి చచ్చిపోతుంది."

చెప్పి వెళ్లిపోయాడు. వసుమతి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

తర్వాత ఆ పది రోజులూ ఆమెకు అదే పని. కుడితి తొట్టి కనబడితే చాలు, పిల్లలు దూకబోయేవి. ఆమె అడ్డం పడేది. అడ్డం పడ్డ ప్రతిసారీ అతని గొంతే వినబడేది. దొంగిలించింది తను, బతికిస్తున్నది అతను.

"ఏమే, ఆ మొహం?" అంది వరదమ్మ.

"సిగ్గుగా ఉందత్తా."

పదకొండో రోజు పిల్లల్ని కాలవలోకి వదిలింది. పదికి పదీ తేలాయి.

వాటిలో బలమైనవి అయిదు ఏరి, గంపలో పెట్టి, పాత గుడ్డ కప్పి, కాలవ గట్టు పట్టుకుని బయలుదేరింది. కాళ్లు పట్టుకునైనా సరే, తప్పు ఒప్పుకోవాలి. రెండు మైళ్లు నడిచాక ఒక బాతుల మంద కనబడింది. మేపుతున్నది వేరే మనిషి, పేరు మునికృష్ణ అన్నాడు.

"పచ్చయ్యప్పన్న యాడుండాడు?"

"ఆత్తిపట్టు పోయినాడమ్మా. ఆడ కరెంటు ఫ్యాక్టరీ కడతా ఉండారే, మట్టి మోసేదానికి."

"మరి ఆయన బాతులు?"

"ఇంక యాడి బాతులు? పురుగుమందు కొట్టిన మడిలో నీళ్లు తాగి ఒక్క పూటలో అన్నీ పోయినాయి. ఇరవై దినాలైంది."

వసుమతి గట్టు మీదనే కూర్చుంది.

"వెంగల్లో ఎవరో ఒకాయమ్మ కోడి కింద గుడ్లు పెట్టినాడంట. ఇంక మిగిలింది అవేనని, వాటితోనే మళ్లా మొదలుపెడతానని పోయినాడు. ఉత్త చేతుల్తో వచ్చినాడు."

గంపలో పిల్లలు కీచుమన్నాయి. ఆమె గుడ్డ అంచులు రెండు చేతులా అదిమి పట్టుకుంది.

మునికృష్ణ తన మందను అదిలిస్తూ, ఆమె వైపు చూడకుండానే చెప్పాడు.

"పన్నెండింటికి పన్నెండూ మురిగిపోయేది యాడన్నా ఉందా, పదన్నా, నలుగురం పోయి ఆయమ్మని నిలదీస్తామని మేమంటే, ఆయనే కర్ర అడ్డం పెట్టి మమ్మల్ని నిలిపేసి, ఆయమ్మ రొంబ మంచిది, అబద్ధమాడే మనిషి కాదు, నేనిచ్చినవే మురిగిన గుడ్లని తిరుత్తణి సామి మీద ఒట్టేసినాడమ్మా."