చదవడానికి తేలిక

"రెండు పదాలు ఎక్కువయ్యాయి. ఆ హెచ్చరిక తీసెయ్," అన్నాడు మేనేజరు, ఆమె కుర్చీ వెనకే నిలబడి.

లాండ్రీలకు అమ్మే ఆవిరి యంత్రాలకు ఆమె వాడకం సూచనలు రాస్తుంది. రాసిన ప్రతి టెక్స్ట్ ఫైలునూ ఒక ప్రోగ్రాం కొలుస్తుంది. పదాలు మించినా, చదవడం కష్టమనిపించినా ఎర్రగీత పెడుతుంది.

"ఎక్కువ కాలేదండీ. హెచ్చరిక లావుగా అచ్చవ్వాలని అటూ ఇటూ నక్షత్రం గుర్తులు పెట్టాను. వాటినీ పదాలుగా లెక్కేస్తోంది."

"ఆ ప్రోగ్రాం తెప్పించింది నేను. తప్పు దానిదంటావా?"

"దానిదేనండీ. ఆవిరి పోయాకే మూత తీయమని చెప్పకపోతే మొహాలు కాలతాయి."

అతను కీబోర్డు లాక్కుని ఆ వాక్యం చెరిపేశాడు. ఎర్రగీత పోయింది.

"చూశావా? ఇప్పుడు చంటిపిల్లలకైనా అర్థమవుతుంది."

వానాకాలం ముగియకముందే ఒక లాండ్రీలో పనిచేసే ఆవిడ ఆవిరి పోకుండానే మూత తీసింది. రెండు కళ్లూ పోయాయి.

విచారణకు నివేదిక రాయమని మేనేజరు ఈమెనే పిలిచాడు. ఎన్నడూ లేనిది, ఆమె కూర్చోవడానికి కుర్చీ తనే జరిపాడు.

"కాస్త పొడుగ్గా రాయమ్మా. పెద్ద పెద్ద మాటలు పడనీ. చదివేవాళ్లకు సగంలోనే విసుగొచ్చేయాలి."

ఆమె అక్కడే కూర్చుని రాసి, విచారణవాళ్లకు పంపేసి, కాగితం అతని ముందు పెట్టింది. అందులో ఉన్నది ఒకటే వాక్యం: 'నేను రాసిన హెచ్చరికను మేనేజరు చెరిపేశాడు.'

అతని మొహం మాడిపోయింది. "ఇది ఎవరెవరు చదువుతారో తెలుసా నీకు?"

"అందరూ చదువుతారండీ," అంది ఆమె లేస్తూ. "ఆవిడకు మాత్రం నేనే వెళ్లి చదివి వినిపించాలి."